మోషే, మోయ్‌షె, మేషె

మాంట్రియల్ వదిలాక మేముంటున్న ఏజాక్స్‌లో, మా తెలుగు చర్చిలో ఆరాధన అయ్యాక కాఫీల దగ్గర ఒకమ్మాయి నన్ను పట్టుకుంది. పేరు లిఖిత. సౌండ్ ఎడిటింగ్ చదివిందట.

"అంకుల్, ఒక ఆడియోబుక్స్ లైబ్రరీలో జాబ్‌కి అప్లై చేశా. మీరు ట్వెంటీ ఇయర్స్ అదే వర్క్ చేశారట కదా, సుగుణ ఆంటీ చెప్పారు. అసలు అందులో ఏముంటుంది?"

సాఫ్ట్‌వేర్ సంగతులు నాకంటే తనకే బాగా తెలుసు. మిగతా సంగతి కాఫీ చల్లారేలోపు చెప్పగలిగేది కాదు. రాసి ఇస్తానన్నాను. ఈ పనిలోకి రాబోయే మరికొందరికి కూడా పనికొస్తుందేమోనని కాస్త వివరంగా రాస్తున్నాను. జీతం ఎప్పుడు పెరిగింది, హోదా ఎప్పుడు మారింది అన్నవి రాయడం లేదు. అవి ఏ ఉద్యోగంలోనైనా ఒకటే.

పని ఏమిటంటే

మాది బాపట్ల. అక్కడ ఉన్నప్పుడు ఒక రేడియో కేంద్రంలో రికార్డింగ్ టెక్నీషియన్‌గా చేశాను. మాంట్రియల్ వచ్చాక రెండేళ్ళు ఒక గిడ్డంగిలో పెట్టెలు సర్దాను. నా భార్య సుగుణకి ఒక వృద్ధాశ్రమంలో నర్సు ఉద్యోగం దొరికింది. అక్కడ ఎక్కువమంది యూదు వృద్ధులు. వాళ్ళలో చూపు మందగించినవాళ్ళు పుస్తకాలు వింటూ ఉండేవారు. ఆ పుస్తకాలు తయారు చేసే లైబ్రరీలో టెక్నీషియన్ కావాలని నోటీసుబోర్డు మీద చూసి, సుగుణ ఆ కాగితం ఫొటో తీసుకొచ్చింది.

లైబ్రరీ అధిపతి పేరు రూత్. అరవైకి దగ్గరగా ఉన్న మనిషి, నవ్వు తక్కువ. నా రేడియో అనుభవం గురించి రెండు ప్రశ్నలు అడిగి, ఒక కాగితం నా ముందు పెట్టి, "ఈ పేర్లు పైకి చదువు" అంది. అన్నీ బైబిలు పేర్లు. నాకు అలవాటైనట్టే చదివాను. హవ్వ, రిబ్కా, యిర్మీయా, యెహెజ్కేలు, మోషే.

ఆవిడ కళ్ళజోడు తీసి నన్ను చూసింది.

"ఇక్కడ పుట్టినవాళ్ళంతా ఈవ్ అంటారు, రెబెకా అంటారు. నువ్వు దాదాపు హీబ్రూలో ఉన్నట్టే చదివావు. ఎక్కడ నేర్చుకున్నావు?"

"బాపట్లలో, సండే స్కూల్లో."

ఆ ఊరు ఎక్కడుందో ఆవిడ అడగలేదు. సోమవారం నుంచి రమ్మంది.

మా తెలుగు బైబిల్లో పేర్లు హీబ్రూకి అంత దగ్గరగా ఉంటాయని నాకూ ఆ రోజే తెలిసింది. అది నాకు ఉద్యోగం తెచ్చిపెట్టింది. తర్వాత నేను చేసిన పెద్ద తప్పు కూడా దాంట్లోంచే వచ్చింది.

స్టూడియో లైబ్రరీ కింద బేస్‌మెంట్‌లో ఉండేది. గాజు కిటికీకి అవతల చదివేవారు, ఇవతల నేను. చదివేవాళ్ళంతా వాలంటీర్లు. రిటైరైన టీచర్లు, లాయర్లు, ఒకరిద్దరు నాటకాల్లో వేసినవాళ్ళు. పుస్తకాలన్నీ యూదుల జీవితానికి సంబంధించినవే. ఊళ్ళ చరిత్రలు, పండగలు, వంటలు, హాస్యకథలు, యుద్ధాన్ని దాటి బతికి వచ్చినవాళ్ళు రాసుకున్న జ్ఞాపకాలు. చెవులకి హెడ్‌ఫోన్లు, ముందు అచ్చుపుస్తకం, చేతిలో పెన్సిల్ పెట్టుకుని నేను ప్రతి మాటా అచ్చుతో సరిచూసేవాణ్ణి. తప్పు వస్తే ఆపి మళ్ళీ చదివించాలి. పుస్తకం పూర్తయ్యాక మొదటి నుంచి చివరిదాకా ఇంకోసారి వినాలి.

"యూదుల బుక్స్‌కి మీరేం చేస్తారండీ? చర్చిలో అడిగితే నేనేం చెప్పాలి?" అని సుగుణ అడిగేది.

"చదివినవాళ్ళు సరిగ్గా చదివారో లేదో వింటాను."

"దానికి కూడా జాబ్ ఇస్తారా!" అనేది.

పిండి చేతులు

మొదటి పాఠం ఒక వంటల పుస్తకం నేర్పింది. రేడియోలో నిశ్శబ్దం అంటే నేరం. మూడు సెకన్లు ఖాళీ వస్తే సంజాయిషీ రాసుకోవలసి వచ్చేది. ఆ అలవాటుతో వంటల పుస్తకంలో ప్రతి విరామాన్నీ కత్తిరించి, చక్కగా పరుగెత్తేలా చేశాను. నాకు చాలా బాగా వచ్చిందనిపించింది.

వారం తిరగకుండా ఒక ముసలాయన ఫోన్ చేశాడు. భార్య పోయాక, పండగ రొట్టె తనే చేసుకుందామని ఆ పుస్తకం పెట్టుకున్నాడట.

"మూడు గుడ్లు అన్నారు. పగలగొట్టేలోపు మీవాడు ఓవెన్ దాకా వెళ్ళిపోయాడు. మిషన్ ఆపుదామంటే చేతులకి పిండి. మీరెప్పుడైనా వంట చేశారా?"

చేయలేదని ఒప్పుకున్నాను. ఆ పుస్తకం మళ్ళీ మొత్తం విప్పి, ప్రతి దినుసు తర్వాతా ఖాళీ పెట్టాను. ఆ ఖాళీలు సరిపోతాయా లేదా అని మా వంటింట్లో సుగుణని ఎదురుగా పెట్టుకుని చూశాను. వినేవాడు ఎక్కడ కూర్చుని వింటున్నాడో తెలియకుండా ఎడిట్ చేయకూడదు. ఇది ఏ కోర్సులోనూ నాకు చెప్పలేదు.

నేను తయారు చేసిన పట్టిక

ఒక్కో వాలంటీరు ఒక్కో పేరుని ఒక్కోలా పలకడం నాకు నచ్చేది కాదు. ఒకరు మోసెస్ అంటారు, ఒకరు మోషే అంటారు, ఇంకొకరు ఐరోపా యూదుల ఇంటిభాష యిడ్డిష్‌లోలా మోయ్‌షె అంటారు. శనివారపు విశ్రాంతి దినాన్ని ఒకరు షబ్బాత్ అంటారు, ఇంకొకరు షాబెస్ అంటారు. నాలుగో ఏట నేనే కూర్చుని ఉచ్చారణల పట్టిక ఒకటి తయారు చేశాను. అన్నిటికీ ఈనాటి హీబ్రూ పద్ధతి. మోషే, షబ్బాత్. రూత్ చూసి సంతకం పెట్టింది. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, చదివేవాళ్ళు కూర్చునే బూత్‌లో తగిలించాను. ఆ పట్టిక చూసి కొత్తవాళ్ళు నన్ను పండితుడనుకునేవారు. నేనూ కాదనలేదు.

అలా చాలా ఏళ్ళు గడిచాయి. అప్పుడు మిస్టర్ కప్లాన్ పుస్తకం వచ్చింది.

కప్లాన్ లిథువేనియా వైపు ఒక చిన్న ఊళ్ళో పుట్టాడు. యుద్ధం వచ్చినప్పుడు రెండు కుటుంబాలు కలిసి తూర్పుకి నడిచి తప్పించుకున్నాయి. ఒకటి ఆయనది, రెండోది తర్వాత ఆయన భార్య అయిన అమ్మాయిది. మాంట్రియల్లో ఆయన బూట్ల కొట్టు నడిపాడు. చివరి రోజుల్లో తన జ్ఞాపకాలు ఇంగ్లిష్‌లో రాశాడు. అది అచ్చయ్యేసరికి ఆయన పోయాడు. అప్పటికే భార్యకి చూపు లేదు. ఆవిడ వినడం కోసమే కుటుంబంవాళ్ళు ఆ పుస్తకం మాకు పంపారు.

చదివింది మార్టిన్. రిటైరైన హైస్కూలు టీచరు, మా వాలంటీర్లలో అందరికంటే మంచి గొంతు. మొదటి అధ్యాయంలోనే కథకుడి తమ్ముడి పేరు వచ్చింది. మార్టిన్ "మోయ్‌షె" అన్నాడు. నేను ఆపాను.

"పట్టికలో మోషే అని ఉందండీ."

"ప్రకాశ్, ఇది ఇజ్రాయెల్ కుర్రాడి కథ కాదు. యిడ్డిష్ మాట్లాడే పల్లెటూరి ఇల్లు. మా అమ్మమ్మ ఉంటే మోయ్‌షె అనేది."

"అచ్చులో అలా లేదు. పట్టికలోనూ లేదు."

ఆయన పేజీ వెనక్కి తిప్పి, "సరే. బటన్ నీ చేతిలో ఉంది" అన్నాడు. పుస్తకమంతా మోషే అనే చదివాడు. షబ్బాత్ అనే చదివాడు.

ఫోన్

డిస్కు పంపిన పది రోజులకి మిసెస్ కప్లాన్ ఫోన్ చేసింది. అప్పటికి ఆవిడకి తొంభైకి కాస్త తక్కువ. ఆవిడ మాట్లాడింది ఇంగ్లిషే. తెలుగులో రాస్తుంటే నాకు "నువ్వు" అనే వస్తోంది. ఆవిడ వయసుకీ గొంతుకీ అదే సరిపోతుంది.

"నా భర్త పుస్తకం చేసింది నువ్వేనా?"

"నేనేనండీ."

"శుభ్రంగా ఉంది. చదివినాయన గొంతు బాగుంది. ఒక్కటే అడుగుదామని. అందులో ఉన్న మనుషులెవరు?"

నాకు అర్థం కాలేదు.

"మోషే అంటున్నాడు. ఆ మోషే ఎవరు? మా ఊళ్ళో ఆ పేరుతో ఎవడూ లేడు."

అది సరైన హీబ్రూ ఉచ్చారణ అని, లైబ్రరీ నియమమని మర్యాదగా చెప్పాను.

"సరైనదే అయ్యుంటుంది. టీవీ వార్తల్లో అలాగే అంటారు. మా మరిదిని మాత్రం ఎవరూ అలా పిలవలేదు. మూడు అధ్యాయాలు విని ఆపేశాను. ఇంకెవరి ఇంట్లోకో వెళ్ళినట్టుంది."

రూత్‌కి చెప్పాను. రూత్ అమ్మానాన్నలది పోలండ్. "అయితే మోయ్‌షె అని మార్చు. అందరూ అనేది అదే" అంది. మిసెస్ కప్లాన్‌కి ఫోన్ చేసి, మోయ్‌షె అంటే సరిపోతుందా అని అడిగాను. ఆవిడ నవ్వింది.

"అది పోలండ్ వాళ్ళ మాట. నువ్వు ఇంటికి రా. ఫోన్లో నీకు తెలియదు."

సాబెస్

ఆవిడ మాంట్రియల్లోనే స్నోడన్ పేట‌లో ఒక మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఒక్కతే ఉండేది. గాజు గ్లాసులో టీ పోసి, చేత్తో తడుముకుంటూ నా ముందు పెట్టింది. నేను రికార్డరు బల్ల మీద పెట్టి, పుస్తకంలో వచ్చే పేర్లు ఒక్కొక్కటే చదివాను. ఆవిడ తమ ఊళ్ళో పలికినట్టు చెప్పింది. మరిది పేరు దగ్గర "మేషె" అంది. మేకల మందలో పిలుస్తున్నట్టుగా ఉందని మనసులో అనుకున్నాను. ఆ చుట్టుపక్కల అంతే, ఓ అన్నది ఏ అవుతుంది అని చెప్పింది.

పేర్లయ్యాక మామూలు మాటలు మొదలుపెట్టాం. శనివారం దగ్గరకి వచ్చాం.

"సాబెస్" అంది.

వయసు మీదపడి పళ్ళు లేక అలా వచ్చిందేమో అనుకున్నాను. మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ "సాబెస్" అంది. ఇంకోసారి అడిగాను. "షాబెస్ అంటున్నారు కదా మీరు?"

ఆవిడ గ్లాసు కింద పెట్టింది.

"నీకు సరిగ్గానే వినబడింది."

తర్వాత సంగతి చెప్పింది. వాళ్ళ ఊళ్ళో ష, స అని రెండు లేవు. రెండూ స. ఊరు దాటి బయటికి వచ్చాక మిగతా యూదులే వాళ్ళని వెక్కిరించారు. యుద్ధం అయ్యాక ఉన్న శరణార్థుల శిబిరంలో ఆడపిల్లలు తనని మధ్యలో నిలబెట్టి, ఇది అను, అది అను అని పలికించి నవ్వేవారు. పెళ్ళయ్యాక తనూ భర్తా కూర్చుని ష పలకడం సాధన చేశారు.

"ఆయన దువ్వెన మూతికి అడ్డం పెట్టుకుని ష ష ష అనేవాడు. దానికి గాలి తగిలితే ష సరిగ్గా వచ్చినట్టు. మాంట్రియల్లో కొట్లో ఉన్నంతసేపూ షాబెస్ అనేవాళ్ళం. ఇంటికొచ్చి తలుపు వేసుకున్నాక సాబెస్. మా పిల్లలకి కూడా షాబెస్ అనే నేర్పాం."

"మరి పుస్తకంలో ఏమనాలి?" అని అడిగాను. నా పట్టికలో ఇలాంటిదానికి గడి లేదు.

ఆవిడ తడుముకుని గ్లాసు మళ్ళీ అందుకుంది.

"ఆయన తన మాటగా చెప్పేచోట షాబెస్ అనండి. దానికోసం ఆయన చాలా కష్టపడ్డాడు. వాళ్ళమ్మ మాట్లాడేచోట, మేషె మాట్లాడేచోట మాత్రం సాబెస్."

నా ఉద్యోగంలో ఎడిటింగ్ గురించి నేను విన్న మాటల్లో ఇంతకంటే తెలివైనది లేదు. చెప్పినావిడ పొలం పనులూ బూట్ల కొట్టూ తప్ప వేరే ఉద్యోగం చేయలేదు.

బస్సులో గుర్తొచ్చింది

తిరుగు బస్సులో నాకు మా అమ్మ గుర్తొచ్చింది. ఇందులో గొప్ప విషయం ఏమీ లేదు, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అమ్మ ఐదో క్లాసు దాకా చదివింది. పొద్దున్నే పొయ్యి వెలిగించాక ముక్కాలి పీట మీద కూర్చుని బైబిలు పైకి చదివేది. ఆవిడ నోట మోషే రాదు. మోసే అనేది. యెషయాని యెసయా అనేది. నాకు రేడియోలో ఉద్యోగం వచ్చిన కొత్త. అక్కడ ఒక సీనియర్ అనౌన్సరు మా అందరి చేతా శ, ష, స వల్లె వేయించేవాడు. ఒక రోజు నేను పళ్ళు తోముకుంటూ అన్నాను.

"మోసే కాదమ్మా, మోషే. చదువుకున్నోళ్ళు వింటే నవ్వుతారు."

"అట్నేలే నాయనా" అని పేజీ తిప్పింది.

ఆ తర్వాత నేను ఇంట్లో ఉన్నప్పుడు అమ్మ బైబిలు పైకి చదవడం నేను వినలేదు. పెదాలు మాత్రం కదిలేవి. మనసులో చదువుకోవడం అలవాటు చేసుకుందనుకున్నాను. అలా కాదని నాకు అర్థమైంది స్నోడన్ నుంచి వస్తున్న బస్సులోనే. అప్పటికి అమ్మ పోయి పదహారేళ్ళు.

రెండో రికార్డింగ్

పేర్లు మాత్రం మళ్ళీ చెప్పించి, పాత రికార్డింగ్‌లో అతికించమని రూత్ అంది. మామూలుగా అలాగే చేస్తాం. కానీ ఈలోగా మార్టిన్ కింది పళ్ళు తీయించుకుని కట్టుడు పళ్ళు పెట్టించుకున్నాడు. గొంతు అదే, స మాత్రం మారిపోయింది. అతికించి రూత్‌కి వినిపించాను.

"ఇద్దరు మనుషులు మాట్లాడుతున్నట్టుంది" అంది.

"మొత్తం మళ్ళీ చదివించాలి" అన్నాను.

"మార్టిన్ తర్వాతి పుస్తకం కోసం జనం ఎదురుచూస్తున్నారు. ఒక్క మనిషి కోసం అది ఆపమంటావా?"

"ఆ ఒక్క మనిషి కోసమే కదండీ ఈ పుస్తకం మన దగ్గరికి వచ్చింది."

రూత్ వెంటనే ఒప్పుకోలేదు. మర్నాడు పొద్దున నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. "పట్టిక రాసింది నువ్వు. సంతకం పెట్టింది నేను. మొత్తం చేయండి" అని వెళ్ళిపోయింది.

రూత్ గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆవిడ దగ్గర పనిచేయడం కష్టం. మెచ్చుకోదు. మేం చేసిన ఏ పుస్తకాన్నీ చివరిదాకా విన్నట్టు నేను చూడలేదు. ఆవిడకి అవి జాబితాలో పూర్తయిన పేర్లు. కానీ సంతకం పెట్టిన కాగితం తనది కాదని ఒక్కసారి కూడా అనలేదు. ఆ తర్వాత వచ్చిన బాసు ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు, ఏ కాగితం మీదా సంతకం పెట్టేవాడు కాదు. నేను రూత్‌నే కోరుకుంటాను.

మార్టిన్‌కి విషయం చెబితే, "నేను ముందే చెప్పానా?" అన్నాడు. చెప్పారన్నాను. అంతటితో ఆయన దాన్ని మళ్ళీ ఎత్తలేదు.

మేషె ఒక పూటలో వచ్చేసింది. సాబెస్ దగ్గర చిక్కొచ్చింది. కథకుడి తల్లి మాట్లాడే మాటల్లో అది రాగానే మార్టిన్ తెలియకుండానే గొంతు మార్చి, వాక్యం మొత్తానికి పల్లెటూరి యాస పూసేవాడు. నాటకంలో పనిమనిషి మాట్లాడినట్టు ఉండేది. నేను ఆపాను.

"వెక్కిరిస్తున్నట్టుంది మార్టిన్."

ఆయనకి కోపం వచ్చింది. "నలభై ఏళ్ళు పిల్లలకి పాఠం చెప్పాను. వెక్కిరింపు అంటే ఏమిటో నాకు తెలుసు" అని ఆ రోజుకి లేచి వెళ్ళిపోయాడు. మర్నాడు వచ్చి, మిసెస్ కప్లాన్ గొంతుని నాలుగైదు సార్లు విన్నాడు.

"ఈవిడ యాసలో మాట్లాడటం లేదు. శనివారానికి ఆవిడకి తెలిసిన పేరు అదొక్కటే, అందుకని అంటోంది" అన్నాడు. అప్పటి నుంచి మిగతా వాక్యాన్ని మామూలుగా చదివి, సాబెస్‌ని మాత్రం ఆ మాటకున్న రూపం అదొక్కటే అన్నట్టు పలికాడు. అంతే, సరిపోయింది.

యాస చదవాల్సి వచ్చినప్పుడు ఎవరికైనా నేను చెప్పేది ఇదే. ఆ మాట్లాడే మనిషికి తనది యాస అని తెలియదు.

రెండేసి అధ్యాయాలు పూర్తయినప్పుడల్లా మిసెస్ కప్లాన్‌కి పంపేవాళ్ళం. విని ఫోన్ చేసేది. "అవును, వీడే మేషె" అనేది. ఒకసారి, "మా అత్తగారు వంటింట్లోంచి అరిచినట్టే ఉంది" అంది. పదో అధ్యాయం పంపాక ఫోన్ రాలేదు. వారం చూశాం. ఇంకో నాలుగు రోజులు చూశాం.

పన్నెండో రోజు ఆవిడే వచ్చింది. తెల్ల కర్ర పట్టుకుని, టాక్సీ డ్రైవరు చెయ్యి ఆసరాగా పట్టుకుని బేస్‌మెంట్ మెట్లు దిగింది.

ఒక క్రియాపదం

నేను రూత్‌ని పిలిచాను. మార్టిన్ అక్కడే ఉన్నాడు. ఆవిడ కోటు విప్పకుండానే కూర్చుంది.

"పదో అధ్యాయంలో ఒక మాట మార్చాలి" అంది.

ఏ మాట అని అడిగాను.

"మేషె వెనకే ఉండిపోయాడు అని చదివారు."

నేను పేజీ తీసి చూశాను. అచ్చులో అలాగే ఉంది. ఊరు వదిలి నడిచి వెళ్ళిన అధ్యాయంలో మేషె గురించి ఉన్నది ఆ ఒక్క వాక్యమే. ఆ తర్వాత పుస్తకంలో మేషె లేడు. రెండుసార్లు రికార్డు చేసినా అది నాకు తట్టలేదు. నేను మాటలు సరిచూశాను, మనిషిని చూడలేదు.

"వాడు ఉండిపోలేదు. మేం వదిలి వచ్చాం" అంది ఆవిడ.

జరిగింది చెప్పింది. అప్పుడు ఆవిడకి పద్నాలుగేళ్ళు, మేషెకి పదిహేను, కప్లాన్‌కి పంతొమ్మిది. మూడు రోజులు నడిచాక మేషె కాలికి పుండు పడి జ్వరం వచ్చింది. నడవలేకపోయాడు. దారిలో ఒక రైతుభార్య పశువుల కొట్టంలో దాచడానికి ఒప్పుకుంది. ఆ రోజు మంగళవారం.

"సాబెస్ కల్లా వస్తారా అని అడిగాడు. నా భర్త వస్తామన్నాడు. పెద్దవాళ్ళందరూ వస్తామన్నారు. నేనూ తలూపాను. వెనక్కి వెళ్ళే దారి మర్నాటికే మూసుకుపోయింది. యుద్ధం అయ్యాక ఎన్ని ఉత్తరాలు రాసినా ఏమీ తెలియలేదు."

ఆవిడ కర్రని ఒళ్ళో అడ్డంగా పెట్టుకుంది.

"ఆయన ఈ పుస్తకం రాసేటప్పుడు నాకు చదివి వినిపించమని అడిగాను. నీకు తెలిసినవేగా అన్నాడు. ఎందుకు వినిపించలేదో ఇప్పుడు తెలిసింది. ఆ వాక్యం మార్చండి."

"మార్చలేను" అంది రూత్. "అది ఆయన రాసింది. చనిపోయినవాళ్ళ వాక్యాన్ని మేం దిద్దలేం. ఎవరు చెప్పినా సరే."

"నేను ఆయన భార్యని. నేను అక్కడ ఉన్నాను."

"తెలుసు. అయినా మార్చలేను."

నాకు ఆ క్షణంలో రూత్ మీద చాలా కోపం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆవిడ చెప్పిందే సరి. పేరు ఎలా పలకాలో భార్య చెప్పవచ్చు. భర్త ఏం రాసి ఉండాల్సిందో భార్య అయినా చెప్పడానికి లేదు.

కొంతసేపటికి రూత్ కుర్చీ లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చుంది. "మీరు మాట్లాడండి. పుస్తకం అయిపోయాక మీ పేరు చెప్పి, మీ మాటగా. అందులో ఒక్క అక్షరం మేం ముట్టుకోం" అంది.

"ఆయన అబద్ధం చెప్పాడని చెప్పడానికి కాదు" అంది మిసెస్ కప్లాన్. "ఆయన రాయలేకపోయాడు. కానీ వినేవాళ్ళు, ఆ కుర్రాడు తనంతట తనే ఉండిపోయాడనుకుంటారు. వాడికి ఉండాలని లేదు."

మార్టిన్ లేచి బూత్‌లోకి వెళ్ళి, తన స్టూలు ఎత్తు తగ్గించి, మైకు కిందికి దించి, చెయ్యి పట్టుకుని ఆవిడని కూర్చోబెట్టి బయటికి వచ్చాడు. నేను మొదలుపెట్టమన్నాను. ఆరు నిమిషాలు మాట్లాడింది. మొదట తన పేరు, ఊరి పేరు. తర్వాత మేషె ఎలా ఉండేవాడో. ఈల వేసేవాడని, లెక్కలు రావని, తన జడ లాగి పారిపోయేవాడని. తర్వాత ఆ కొట్టం, ఆ మంగళవారం. మేషె అడిగిన ప్రశ్న మాత్రం ఇంగ్లిష్‌లో చెప్పలేదు. వాడు అడిగిన భాషలోనే, వాడు అడిగినట్టే చెప్పింది. మధ్యలో రెండుసార్లు దగ్గింది. అయ్యాక, మళ్ళీ చెప్పమంటావా అని అడిగింది. అక్కర్లేదన్నాను.

రూత్ మొదటి నుంచి చివరిదాకా నా కుర్చీ వెనకే నిలబడి వింది. అయ్యాక మెట్లెక్కి వెళ్ళిపోయింది.

పట్టిక సంగతి

బూత్‌లోంచి పట్టిక తీసేశాను. దాని బదులు ఒక పద్ధతి పెట్టాం. ఏ ఊరి పుస్తకం వస్తే ఆ ఊరివాళ్ళు గానీ, వాళ్ళ పిల్లలు గానీ ఎవరైనా ఉన్నారేమో కనుక్కుని, ముందు వాళ్ళకి ఫోన్ చేయడం. చాలాసార్లు ఎవరూ దొరికేవారు కాదు. అప్పుడు పట్టికే గతి. పట్టిక తప్పు కాదు. ఎవరూ మిగలనప్పుడు వాడుకోవలసింది అది. నేను దాన్ని మనుషులు ఉండగా వాడాను.

ఈమధ్య కంప్యూటరు గొంతులు పుస్తకాలు చదువుతున్నాయి. లిఖిత ఒకటి వినిపించింది, బాగానే ఉంది, దగ్గు లేదు, కట్టుడు పళ్ళ బాధ లేదు. నాకు దానిమీద ద్వేషమేమీ లేదు. వినాల్సినవాళ్ళు చాలామంది ఉన్నారు, చదివేవాళ్ళు తక్కువ. కాకపోతే దానికి కూడా పట్టిక రాసేది ఎవరో ఒక ప్రకాశే. అతను స్నోడన్ వెళ్ళి టీ తాగి వస్తే మంచిది.

చివరి తనిఖీ

పుస్తకం పూర్తయ్యాక ఎప్పటిలాగే మొదటి నుంచి విన్నాను. పద్నాలుగు అధ్యాయాలూ అచ్చుతో సరిచూశాను. పదో అధ్యాయంలో "ఉండిపోయాడు" అన్నది ఉన్నది ఉన్నట్టే వదిలేశాను. ఆఖరి పేజీ అయిపోయింది. పుస్తకం మూసి పక్కన పెట్టాను.

ఆవిడ గొంతు మొదలైంది. చేతిలో పెన్సిల్ ఉంది, ముందు సరిచూడటానికి కాగితం లేదు. అన్ని ఏళ్ళలో కళ్ళు అక్షరాల మీద లేకుండా పనిలో ఉండి ఒక గొంతు వినడం నాకు అదే మొదలు. కాసేపటికి పెన్సిల్ కింద పెట్టేశాను. ఆరు నిమిషాలూ విన్నాను. దగ్గులు ఉన్నాయి, స్టూలు కిర్రుమన్న చప్పుడు ఉంది.

తనిఖీ ఫారంలో "తప్పులు" అన్న గడిలో "లేవు" అని రాసి సంతకం పెట్టాను.